ఆదివారం డిగ్రీవాళ్లం

మొదటి ఏడాదంతా మా క్లాసుకు చాక్‌పీసులు మేమే కొనుక్కున్నాం. కాలేజీ చాక్‌పీసుల డబ్బా బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి గుమాస్తా దగ్గర ఉండేది. గుమాస్తా ఆదివారం రాడు. ఫ్యాన్ల సంగతీ అంతే, మెయిన్ స్విచ్ ఉన్న గదికి తాళం. ఏప్రిల్ నెల ఇల్లందులో, రేకుల గదిలో, ఫ్యాను లేకుండా అర్థశాస్త్రం విన్నవాళ్లం మేము. ఇది నేను మర్చిపోలేదు. మర్చిపోవాల్సిన అవసరమూ నాకు కనిపించలేదు.

మాది ఓపెన్ డిగ్రీ. రెండువేలు దాటిన తొలి సంవత్సరాల మాట ఇది. బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష రాసి అందులో చేరొచ్చు. పుస్తకాలు ఇంటి దగ్గర చదువుకోవాలి, ఆదివారం కాలేజీకి వచ్చి పాఠం వినాలి. పాఠం చెప్పే సారు ఖమ్మం నుంచి వచ్చేవారు. వారమంతా ఆ బెంచీల మీద కూర్చునేది రెగ్యులర్ పిల్లలు కాబట్టి మేం ఒక పూటకు కిరాయికి దిగినవాళ్లలా ఉండేవాళ్లం. ఆ కాలేజీ లెక్చరరు ఒకాయన ఏదో పనిమీద వచ్చి, వరండాలో మమ్మల్ని చూసి, పక్కాయనతో "వీళ్లది సండే డిగ్రీ" అని నవ్వాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు ఇప్పుడు అడిగినా చెప్పగలను.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. పెళ్లయి గని కార్మికుల క్వార్టర్‌కు వచ్చాను, జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. మా అమ్మాయిని బడిలో వేసిన రోజు అక్కడి మేడమ్ తలెత్తి నన్ను చూడకుండానే సిరా ప్యాడ్ నా ముందుకు జరిపింది. "నాకు సంతకం వచ్చు" అన్నాను. "వస్తే మంచిదే" అంది. ఆ "మంచిదే" అన్న మాట దగ్గరే నా డిగ్రీ మొదలైంది.

మొదట్లో క్లాసు నిండా జనం ఉండేవారు. ఎండలు ముదిరేసరికి పలచబడ్డారు. చివరిదాకా వదలకుండా వచ్చింది నలుగురమే.

ఒకాయన గనిలో పనిచేసే అన్న. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని ఉండగా తండ్రి ఉద్యోగం ఆయనకు వచ్చింది. శనివారం నైట్ షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కుని, తిన్నగా క్లాసుకు వచ్చేవాడు. కూర్చుంటే నిద్ర పట్టేస్తుందని బెంచీ ఎక్కేవాడు కాదు. ద్వారబంధానికి వీపు ఆనించి, నోట్సు గోడకు పెట్టి రాసుకునేవాడు. మూడేళ్ల చదువు ఆ మనిషి నిలబడి చదివాడు. ఆదివారం గనిలో దిగితే రెట్టింపు కూలి; దాన్ని ప్లేడే అంటారు, దానికోసం పోటీ పడతారు. ఈయన ఆ ప్లేడే వదులుకుని వస్తున్నాడని తోటివాళ్లకు పెద్ద వేళాకోళం. ఒకసారి టీ కొట్టు దగ్గర నేను పక్కనే ఉన్నాను.

"ఏందిరా, డిగ్రీ పాసై మాకు మేనేజర్‌గ వస్తవా?" అన్నాడొకడు.

"మేనేజర్‌గ ఎందుకురా. నువ్వు సంతకం పెట్టే కాయితంల ఏమున్నదో నీకు చదివి చెప్పేతందుకు" అన్నాడు అన్న. టీ పూర్తిగా తాగి మరీ వెళ్లాడు.

రెండో ఆయన బస్సు కండక్టరు. ఇల్లందు నుంచి ఖమ్మం రూటులో తిరిగేవాడు. నోరు ఊరుకునేది కాదు, క్లాసులో సారు కంటే ఈయనే ఎక్కువ మాట్లాడేవాడు. చదవడానికి ఆయనకొక సొంత పద్ధతి ఉంది. జవాబులోని ఒక్కో పాయింటును తన రూటులోని ఒక్కో స్టేజీకి కట్టేసేవాడు. కారేపల్లి అనగానే ఒక పాయింటు, ఆ తర్వాతి స్టేజీకి ఇంకొకటి, రఘునాథపాలెం దాటేసరికి జవాబు పూర్తి. పరీక్ష హాల్లో కళ్లు మూసుకుని మనసులో బస్సు నడుపుకుంటూ వెళ్లి అన్నీ రాసి వచ్చేవాడు. మంచి మార్కులు వచ్చేవి. నాకు ఆ పద్ధతి మొదటినుంచీ నచ్చలేదని ఇక్కడే రాసి పెడుతున్నాను.

మూడో ఆమె మా చెల్లె. తోడబుట్టింది కాదు, ఆదివారాలు కలిపిన చెల్లె. గుండాల పోయే దారిలో, రోడ్డు వదిలి అడవిలోకి నడవాల్సిన ఒక గూడెంలో అంగన్‌వాడీ టీచరు. ఆశ్రమ పాఠశాలలో పది చదివింది. ఇంట్లో కోయ మాట, బళ్లో తెలుగు, ఇప్పుడు డిగ్రీలో ఇంగ్లిష్ పేపరు. ఆ గూడెంలో పది దాటిన ఆడపిల్ల ఈమే. పొద్దున ఒకే బస్సు. అది రాకపోతే ట్రాక్టరు ఎక్కేది, ట్రాక్టరూ లేకపోతే నడిచేది. అయినా మాలో అందరికంటే ముందు వచ్చి, బల్లలు తుడిచి, కిటికీలు తెరిచి కూర్చునేది.

ఆమెకు డిగ్రీ ఊరికే అవసరం కాలేదు. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టుల పరీక్ష వస్తుందని అప్పటికే మాట వినిపిస్తోంది. డిగ్రీ ఉంటేనే రాయనిస్తారు. అప్పటి సూపర్‌వైజరు గూడేనికి వచ్చినప్పుడల్లా జీపు రోడ్డు మీదే ఆపి, చెల్లెను, పిల్లలను అక్కడికే పిలిపించుకుని చూసి వెళ్లిపోయేదట. "లోపలికి నడిచి వచ్చే సూపర్‌వైజర్ ఒక్కరన్న ఉండాలె కదక్కా" అనేది చెల్లె. ఆ మాట నాకు చాలా నచ్చింది. నాకు నచ్చిన మాటలు తక్కువ.

చెల్లె మిగతా పేపర్లన్నీ దాటుకుంటూ వచ్చింది, ఇంగ్లిష్ ఒక్కటే ఆగింది. గైడు ముందు పెట్టుకుని ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి నిలిచేది కాదు. అప్పుడు కండక్టరు తన పద్ధతి నేర్పిస్తానని ముందుకొచ్చాడు. ఖాళీ బస్సు డిపోలో నిలబడి ఉండగా ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇంగ్లిష్ వ్యాసాలన్నీ స్టేజీల వారీగా ఎక్కించాడు. "స్టేజీ మర్చిపోతే పాయింట్ పోతది చెల్లె, జాగ్రత్త" అని ప్రతిసారీ చెప్పేవాడు.

ఆఖరి ఏడాది పరీక్షలు ఖమ్మంలో. ఇంగ్లిష్ అయిన రోజు నలుగురం ఒకే బస్సులో తిరిగి వస్తున్నాం. చెల్లె ముఖం వెలిగిపోతోంది.

"ఎట్ల రాసినవ్?" అన్నాడు కండక్టరు.

"మంచిగ రాసిన అన్నా. ఒక్క స్టేజీ ఇడిసిపెట్టలే."

"ఇడిసిపెట్టలే అంటే?"

"అన్ని రాసిన. కారేపల్లి రాసి, కింద గీత కొట్టి, దాని కింద పాయింటు. గట్లనే రఘునాథపాలెం దాంక."

కండక్టరు సీట్లో పూర్తిగా ఆమె వైపు తిరిగాడు.

"స్టేజీలు రాసినవా? ఇంగ్లిష్ పేపర్ల?" అన్నాడు కండక్టరు.

"ఇంగ్లిష్ అక్షరాలతోనే రాసిన అన్నా" అంది చెల్లె. "నువ్వే కద చెప్పినవ్, స్టేజీ పోతే పాయింట్ పోతదని."

గని అన్న ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం ఇల్లందు వచ్చేదాకా కండక్టరును వదిలిపెట్టలేదు. మనసులో అనుకోవలసినదీ కాగితం మీద రాయవలసినదీ వేరని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది? ఆయన మొదటిసారి నోరెత్తకుండా కూర్చున్నాడు. మూడేళ్లలో ఆ ఒక్క రోజే.

ఫలితాలు వచ్చాయి. మేం ముగ్గురం పాసయ్యాం. చెల్లె ఇంగ్లిష్‌లో తప్పింది.

ఆ నెలలోనే కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలకు సన్మానం పెట్టారు. మా సారు పట్టుబడితే మమ్మల్నీ పిలిచారు. పిలిచి వెనక వరసలో కూర్చోమన్నారు. మమ్మల్ని చూడడానికి చెల్లె కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. "చివర్ల టైముంటే మిమ్మల్ని కూడా పిలుస్తం" అన్నాడు మైకు దగ్గరి ఆయన. రెగ్యులర్ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లూ ఊరికే రాలేదు అక్కడిదాకా. సత్తుపల్లి వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసే ఇంటి పిల్ల ఒకతె కాలేజీలో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆమె వేదిక ఎక్కినప్పుడు చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను. తాతతో కలిసి చేలో పనిచేసుకుంటూ చదివిన కుసుమంచి అబ్బాయి మెడలో దండతోనే వేదిక దిగి, దాన్ని తీసి తాత మెడలో వేశాడు. అప్పుడూ కొట్టాను. నా కోపమంతా ఆ "టైముంటే" అన్న మాట మీద.

టైము దొరికింది. మమ్మల్ని పిలిచారు. "ఓపెన్ డిగ్రీ ముగ్గురు పైకి రావాలె" అన్నారు.

నేను కూర్చున్నచోటి నుంచే "ముగ్గురం కాదు, నలుగురం" అన్నాను.

"నాలుగో ఆమె ఫెయిలైంది కదమ్మా."

"ఫెయిల్ కాలేదు సార్. ఇంకా రాస్తున్నది."

సభ నవ్వింది. గని అన్న ఆ రోజు కోసం కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. కుట్టింది నేనే, అందుకే నాకు తెలుసు. ఆయన లేవబోయి, నన్ను చూసి, మళ్లీ కూర్చున్నాడు. కండక్టరు తలవంచుకున్నాడు. మేం ఎవరం వేదిక ఎక్కకపోయేసరికి మైకు దగ్గరి ఆయన జాతీయ గీతానికి లేవమన్నాడు.

చెల్లె నాకు దండం పెడుతుందని నేను అనుకోలేదు గానీ, తిడుతుందని కూడా అనుకోలేదు. గేటు బయట నిలబెట్టి అడిగింది.

"నాకోసం ఎందుకాగినవక్కా? గిప్పుడు నేను మల్ల తప్పితే నలుగురం తప్పినట్టే కద. ఒక్కదాని బరువే మోయలేక సస్తున్న, నీ బరువు, అన్న బరువు కూడ నెత్తిన పెడితివి."

"అది కాదు చెల్లె..."

"ఇగ ఎవ్వలు నాకు ఏం నేర్పొద్దు. గైడు వద్దు, స్టేజీలు వద్దు. నాకు అర్థం కానిది నా నోట్ల నిలవది. సెప్టెంబర్ల రాస్త. అయితే అయితది, లేకుంటే లేదు."

సెప్టెంబరు పరీక్ష తప్పితే సూపర్‌వైజర్ పరీక్ష రాయడానికి వీలుండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ మాటలు నాకు తగిలాయి. ఆమె కోసం సభలో నవ్వుల పాలైంది నేను. కబురు పెడుతుందేమోనని చూశాను. పెట్టలేదు. నేనూ పెట్టలేదు. నేను మొదట మాట్లాడే రకం కాదు. వానలు మొదలైనాక, ఆమె కుట్టమని ఇచ్చిన జాకెట్టు ఒకటి నా మిషను మీద అలాగే ఉండిపోయిందని గుర్తుకొచ్చింది. ఇచ్చి వచ్చేస్తే నా పని తీరిపోతుందని బస్సెక్కాను.

గూడెం చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. వారానికి ఒకసారి గర్భిణులు, బాలింతలు గుడ్లు, పిండి తీసుకోవడానికి అంగన్‌వాడీకి వచ్చే రోజు అది. చెల్లె వాళ్లకు ఇవ్వవలసినవి ఇచ్చేసింది. అయినా ఒక్కరూ లేవలేదు. చంకల్లో పిల్లలతో చుట్టూ కూర్చున్నారు. ఆమె ఏదో కథ చెబుతోంది. నన్ను చూసి ఆగలేదు, కళ్లతోనే కూర్చోమంది. కోయలో చెబుతున్నది నాకు అర్థం కాదని కాసేపటికి తెలుగులోకి మార్చింది.

అది మా ఇంగ్లిష్ పుస్తకంలోని పాఠం. సముద్రం ఒడ్డున దీపస్తంభం, దాన్ని కాసే ముసలాయన. తుపాను వచ్చి దీపానికి నూనె అయిపోతుంది. పడవలు దారి తప్పకుండా ఆయన తన కుర్చీలు, బల్లలు విరిచి మంట పెడతాడు. ఆ పాఠాన్ని నేను గైడులోంచి అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టాను. మార్కులు కూడా వచ్చాయి. దీపస్తంభం ఎలా ఉంటుందో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు.

"సముద్రం మీరు సూడలే, నేను సూడలే" అంటోంది చెల్లె. "చేను కాడ మంచె ఉంటది కద? గసొంటిదే, రాతిది, తాటిచెట్టంత ఎత్తు. దాని మీద దీపం."

"పందులు రాకుంటనా?" అంది ఒక బాలింత.

"పందులు కాదు. పడవలు రాళ్లకు తగలకుంట."

"మరి కుర్చీలు కాలబెడుతుంటె పెళ్లాం ఊకున్నదా?"

"పెళ్లాం లేదు ఆయనకు."

"గందుకే" అంది వెనక కూర్చున్న ముసలామె. అందరూ పగలబడి నవ్వారు.

వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ చెల్లె పాఠంలోకి వెళ్లి జవాబు వెతికింది. దొరకనిచోట, రాసినాయన అది చెప్పలేదని చెప్పింది. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి అదే కథను ఇంగ్లిష్‌లో చెప్పింది. చిన్న చిన్న వాక్యాలు. "హి హ్యాడ్ నో ఆయిల్. హి హ్యాడ్ ఎ చైర్." ఆగి, ఆలోచించి, తర్వాతి వాక్యం. గైడులో ఇంత తేటగా లేదు. పుస్తకంలోని పాఠాలన్నీ అలా మూడు భాషల్లో దాటిస్తూ వస్తోందట. కోయలో చెబితే కథ తనదవుతుంది, తెలుగులో చెబితే వరస కుదురుతుంది, ఆ తర్వాత ఇంగ్లిష్ అంత బెదిరించదు అంది. నేను ఇస్తానని తెచ్చిన జాకెట్టు సంచిలోనే ఉండిపోయింది. సాయంత్రం బస్సు దగ్గర గుర్తొచ్చి ఇచ్చాను. "చేతులు బిగుతు పెట్టినవక్కా" అంది చూసి. బిగుతు కాదు. కొలత ప్రకారమే కుట్టాను.

నా జీవితంలో చాలామంది చదువుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో కొందరి చేత మాటలు పడ్డాను. చదువు అంటే ఇదీ అని నాకు అనిపించింది ఆ మధ్యాహ్నం, మట్టి గోడల అంగన్‌వాడీలో.

సెప్టెంబరులో ఆమె ఒక్కతే ఖమ్మం వెళ్లి రాసి వచ్చింది. ఎలా రాశావని మేం ఎవరం అడగలేదు. కండక్టరుకు అడగాలని ఉండేది, నేను చూసిన చూపుకు ఊరుకున్నాడు. ఫలితం వచ్చిన రోజు నెట్ సెంటర్‌లో తెర మీద ఆమె నంబరు చూసింది ఆయనే. గూడెంలో ఫోను పలకదు. గుండాల బస్సు కండక్టరుకు చెప్పి పంపించాడు. ఆ బస్సు రోడ్డు మలుపులో ఆగి, హారను మోగిస్తూనే ఉందట, ఎవరో ఒకరు వచ్చేదాకా. వచ్చింది మేకలు కాసే మనిషి. "మీ టీచరమ్మ పాసైందని చెప్పు" అని అరిచి పోయారు. ఆయన మేకలను వదిలేసి పరిగెత్తాడట.

ఆ రోజుల్లో మా ఊళ్లో డిగ్రీ అయినవాళ్లు స్టూడియోకు వెళ్లి నల్ల గౌను తొడుక్కుని ఫోటో దిగి ఇంట్లో తగిలించుకునేవారు. స్నాతకోత్సవానికి హైదరాబాదు పోయేదెవరు? స్టూడియో ఆయన దగ్గర ఒకే గౌను ఉండేది, అందరికీ అదే. చెల్లె రావడానికి వీలుపడదంది, అంగన్‌వాడీ సెంటరు మూసి రానంది. అయితే మేమే వస్తామన్నాం. గని అన్న ఒక రోజు డ్యూటీ వదులుకుని, స్టూడియో ఆయనను బండి వెనక ఎక్కించుకుని వచ్చాడు. నేనూ కండక్టరూ బస్సులో వెళ్లాం.

చెల్లె లోపలికి వెళ్లి గౌను తొడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. అంగన్‌వాడీ పిల్లలు ఒక్కసారి చూశారు. ఒకడు "ఎలుగ్గొడ్డు!" అని కేక పెట్టాడు. అంతే, అందరూ ఏడుస్తూ తల్లుల కొంగుల్లోకి దూరారు. వాళ్లను సముదాయించడానికి ఆమె దగ్గరకు వెళ్తే మరీ ఏడ్చారు. చివరికి ఆ ముసలామె గౌను అంచు పట్టుకుని గుడ్డను నలిపి చూసి, "గుడ్డే" అని తేల్చి చెప్పాక ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

"బ్యాక్‌గ్రౌండ్ లేదు. తెర తేవాల్సింది" అని గొణిగాడు స్టూడియో ఆయన.

"గీళ్లే బ్యాక్‌గ్రౌండు" అంది చెల్లె. కథలు విన్న ఆడవాళ్లందరినీ పిలిచి తన వెనక నిలబెట్టుకుంది. తర్వాత మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం అదే గౌను వేసుకుని దిగాం. గని అన్న ఫోటో కోసం కుర్చీ వేస్తే, వద్దని నిలబడ్డాడు.

తిన్నాక చెల్లె లేచి నిలబడింది. మేం కింద చాపల మీద కూర్చున్నాం. ఇంగ్లిష్‌లో మాట్లాడతానంది. కాగితం లేదు, గైడు లేదు. తన గూడెం గురించి, మా ఆదివారాల గురించి, సూపర్‌వైజర్ పరీక్ష రాయబోతున్న సంగతి గురించి చెప్పింది. ప్రతి వాక్యం తర్వాత కాస్త ఆగింది. ఆగిన ప్రతిసారీ ఆడవాళ్లు ఊ కొట్టారు, కథ వింటున్నట్టే. గని అన్న తువాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

అందులో రెండు తప్పులు దొర్లాయి. ఒకటి కాలానిది, ఒకటి ఏకవచనానిది. నా చెవిని ఏదీ దాటిపోదు. కండక్టరు చెవినీ దాటలేదు. నా వైపు వంగి, "అక్కా, అక్కడ తప్పు పోయింది కదా?" అన్నాడు.

"ఏం పోలే. సప్పుడు చేయకుండ ఇను" అన్నాను.